మాత్ర చేతికి అందే దారి

(మనోవ్యాధులతో బతుకుతున్న పెద్దవారి కుటుంబాల సమావేశంలో, విజయవాడలో, ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళు కొంచెం ముందుకి జరగండి. ఈ మైకుని నమ్ముకుంటే నా మాటలు సగమే మీ దాకా వస్తాయి. చెవుడున్న పెద్దవాళ్ళు ముందు కుర్చీల్లో కూచోండి, మొహమాటపడొద్దు.

2020 మార్చి 22, ఆదివారం. కరోనా కొత్తలో, జనతా కర్ఫ్యూ రోజు. సాయంత్రం అయిదింటికి అందరం గుమ్మాల్లోకొచ్చి చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. డాక్టర్లకీ నర్సులకీ కృతజ్ఞత చెప్పటానికి. మంచి ఉద్దేశమే. ఆరు దాటాక నాకో ఫోనొచ్చింది. డెబ్భై మూడేళ్ళావిడ. వాళ్ళ తమ్ముడికి అరవై ఏడు. ముప్ఫై ఏళ్ళ పైనుంచి స్కిజోఫ్రీనియా. వీధి వీధంతా ఒక్కటై తన మీద కుట్ర పన్నుతోందని ఆయన పాత నమ్మకం. మందులతో అది సద్దుమణిగి, చాలా ఏళ్ళుగా రోజూ పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచొచ్చి, పేపరు చదువుకుని తన మానాన తనుంటున్న మనిషి. ఆ సాయంత్రం ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ మేడమీదవాళ్ళూ అందరూ ఒక్కసారే బయటికొచ్చి, ఆయన కిటికీ ముందు నిలబడి పళ్ళేలు కొట్టారు. ఆయన మంచం కిందకి దూరిపోయి, "చెప్పానా అక్కా, చెప్పానా" అంటున్నాడట.

ఏం చెప్పమంటారు ఆయనకి? అది నీ భ్రమ అందామా? పళ్ళేలు నిజంగానే మోగాయి కదా.

ఇంకోటి. ఆ రోజుల్లో ఎవరికి ఫోను చేసినా ముందు దగ్గు వినపడేది, గుర్తుందా? ఎవరో ఖళ్ళుమని దగ్గేవాళ్ళు, తరవాత కరోనా జాగ్రత్తలు. మనకది ఉత్త విసుగు. తన ఫోను ఎవరో దొంగచాటుగా వింటున్నారని అనుమానపడే మనిషికి, అవతలివాళ్ళు ఎత్తకముందే మధ్యలో ఎవరో దగ్గితే ఎలా ఉంటుంది? (నవ్వులు) నవ్వండి, పర్లేదు. మా దగ్గరికొచ్చే అలాంటి ఒకాయనే తరవాత చెప్పి నవ్వాడు. కానీ అప్పుడు మాత్రం రెండు నెలలు ఫోను ముట్టుకోలేదు.

నేను డాక్టర్ని కాను, మందులు రాయను. ఓపీలో డాక్టరుగారి గది బయట చిన్న బల్ల వేసుకుని కూచుంటాను. వచ్చినవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మాత్ర ఎవరు ఇస్తారమ్మా?" వేసుకునేది ఎవరని కాదు, ఇచ్చేదెవరు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసరికి ఇంటి కథంతా బయటికొస్తుంది. వదిన ఇస్తుందండీ, కానీ వదిన కూతురి పురిటికి హైదరాబాదు వెళ్ళింది. మాత్రలు తెచ్చేది ఆటో అబ్బాయి. డబ్బులు పంపేది బెంగళూరులో ఉన్న మేనల్లుడు. మందుల చీటీ ఉండేదీ ఆ మేనల్లుడి దగ్గరే. ఇన్ని చేతులు మారితేగానీ రాత్రి తొమ్మిదింటికి ఆ మాత్ర నోట్లో పడదు. మామూలు రోజుల్లో ఈ చేతులు మనకి కనపడవు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలవగానే ఒక్కో చెయ్యీ ఆగిపోయింది. అప్పుడు కనపడింది, ఎన్ని ఉన్నాయో.

ఇక్కడో సంగతి చెప్పాలి, కొంచెం కటువుగా ఉంటుంది. మనవాళ్ళలో చాలామందికి డాక్టరు ఊళ్ళో ఉండడు. ఎందుకంటే ఊళ్ళో తెలియకూడదు. మన భాషలో తిట్లే చూడండి: హైదరాబాదు వైపు "ఎర్రగడ్డకి పంపాలి" అంటారు, ఇక్కడ "వైజాగు తీసుకెళ్ళాలి" అంటారు. విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి 1871 నాటిది. నూట యాభై ఏళ్ళుగా జనాన్ని బాగుచేసి పంపుతున్న ఆసుపత్రి పేరు మనకి తిట్టయి కూచుంది. అందుకని కృష్ణా జిల్లావాళ్ళు హైదరాబాదులో చూపించుకుంటారు, మందులు కూడా పక్కవీధి షాపులో కొనరు, బస్టాండు దగ్గర ఎవరూ ఎరగని షాపులో కొంటారు. ఏళ్ళ తరబడి గుట్టుగా బాగానే నడిచింది. గరికపాడు దగ్గర చెక్‌పోస్టు మూతపడ్డాక డాక్టరు అటు, పేషెంటు ఇటు. పక్కవీధి షాపతనేమో, పాతికేళ్ళుగా ఎదురింట్లో ఉంటున్నా, "ఈ మందు మీకెందుకండీ, కొత్త చీటీ ఉందా" అన్నాడు. అతని తప్పేమీ లేదు, చీటీ లేకుండా ఇవ్వకూడని మందులవి. దాచిపెట్టినందుకు ఆ ఏడు మనం కట్టిన జరిమానా అది.

ఫోనులో చూసి మందు రాయటానికి మార్గదర్శకాలు కూడా సరిగ్గా ఆ మార్చి 25నే వచ్చాయి. టెలిమెడిసిన్ అంతకుముందూ ఉంది కానీ, ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు అన్న స్పష్టత అప్పుడే వచ్చింది. వాట్సాప్‌లో చీటీ ఫోటో పంపితే షాపువాళ్ళు ఒప్పుకోవటానికి ఇంకొన్ని వారాలు పట్టింది. నేనూ మా డాక్టరుగారూ షాపులకి ఫోన్లు చేసి బతిమాలుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు కొంచెం మందుల గురించి. డాక్టరు చెప్పాల్సిన మాటలే, కానీ ఇంట్లో గమనించేది మీరు కాబట్టి చెబుతున్నాను.

లిథియం వేసుకునేవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉన్నారా? బైపోలార్‌కి, అంటే కొన్నాళ్ళు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్ళు విపరీతమైన దిగులు వచ్చే జబ్బుకి ఇస్తారు. అది ఒక రకం ఉప్పు. ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో దాని పాళ్ళు పెరుగుతాయి. వయసు మీద పడిన మూత్రపిండాలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. అందుకే మూడు నెలలకో ఆర్నెల్లకో రక్తపరీక్ష చేయిస్తారు. లాక్‌డౌన్ నడిచింది ఏప్రిల్, మే నెలల్లో. మన ఎండలు తెలుసు కదా. ల్యాబులు మూత, పరీక్ష లేదు. దానికి తోడు ఒళ్ళు నొప్పులకి ఇంట్లో ఉన్న ఏదో నొప్పి బిళ్ళ వేసేశారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం నొప్పి మందులు లిథియాన్ని ఇంకా పెంచుతాయి. నేనెరిగిన ఒక పెద్దావిడకి చేతులు వణికి, వాంతులై, నడుస్తుంటే తూలి, మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు పక్షవాతమనుకున్నారు, కాసేపు కరోనా అనుకున్నారు. తీరా చూస్తే లిథియం ఎక్కువైంది. ఆ నొప్పులకి పారాసెటమాల్ వేసి, నీళ్ళూ మజ్జిగా తాగిస్తే ఆసుపత్రి దాకా వెళ్ళే పనే లేకపోయేది. ఈ ఒక్క ముక్క ఏ పోస్టరు మీదా లేదు. సబ్బుతో చేతులెలా కడుక్కోవాలో ఏడు బొమ్మలేసి చూపించారు.

ఇంకోటి వింటే మీరు నమ్మరు. బీడీ. క్లోజాపిన్ అని ఒక మందుంది, మిగతావేవీ పనిచెయ్యని స్కిజోఫ్రీనియాకి ఇస్తారు. బీడీ, సిగరెట్టు పొగ వల్ల కాలేయం ఆ మందుని త్వరత్వరగా అరగదీస్తుంది. రోజుకో కట్ట కాల్చే మనిషికి దానికి తగ్గ మోతాదే డాక్టరు ఇస్తాడు. లాక్‌డౌన్‌లో కిళ్ళీకొట్లు మూసేశారు, బీడీ దొరకలేదు. అందరూ సంతోషించారు, మా నాన్న బీడీ మానేశాడు, కరోనా మంచే చేసిందని. పొగ ఆగేసరికి మందు అరగటం మందగించి, అదే మోతాదు ఒంట్లో ఎక్కువైంది. పగలంతా మత్తు, నోట్లోంచి చొంగ, నిలబడితే తూలుడు. బీడీ మానటం మంచిదే, కానీ ఆ సంగతి డాక్టరుకి చెప్పి మానాలి. ఇదంతా పొగ వ్యవహారం, గుట్కా మానితే ఇలా జరగదు. క్లోజాపిన్ వేసుకునేవాళ్ళకి రక్తంలో తెల్లకణాల పరీక్ష కూడా క్రమం తప్పకుండా చెయ్యాలి. 2020లో కొన్ని దేశాల నిపుణులు కూచుని, ఏడాది పైగా నిలకడగా ఉన్నవాళ్ళకి ఆ పరీక్ష మూడు నెలలకోసారి చేసినా పరవాలేదని ఒప్పుకున్నారు. ఆ కబురు మన ఓపీలకి చేరేలోపు పరీక్ష చేయించుకోలేక మందే మానేసినవాళ్ళున్నారు. అది అన్నిటికన్నా ప్రమాదం.

సరే, మందులు చాలు. మీరంతా అనుకునేది ఏంటంటే, కరోనా టైములో మనవాళ్ళు బాగా చెదిరిపోయి ఉంటారని. నేనూ అదే అనుకున్నాను. చాలామంది చెదరలేదు. ఇది నా ఒక్కడి లెక్క కాదు. 2020 జూన్‌లో అమెరికాలో ఒక సర్వే చేశారు. మామూలు జనంలో పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళ కుర్రాళ్ళలో ఆందోళన లక్షణాలున్నవాళ్ళు 49.1 శాతం తేలితే, 65 దాటినవాళ్ళలో 6.2 శాతమే. నెదర్లాండ్స్‌లో బైపోలార్ ఉన్న పెద్దవాళ్ళని చూస్తే, మహమ్మారి ముందుకన్నా వాళ్ళకి లక్షణాలు తక్కువగానే కనిపించాయి. అక్కడ కూడా ఇబ్బంది పడ్డది ఎక్కువగా ఒంటరితనం ఉన్నవాళ్ళూ, పిల్లలు లేనివాళ్ళూ.

మా దగ్గరికొచ్చే ఒకావిడకి డెబ్భై. పెళ్ళైన రెండేళ్ళకి జబ్బు చేస్తే భర్త వదిలేశాడు, అన్నగారింట్లో వెనక గదిలో ఉంటుంది. నేను ఫోను చేసి, "అమ్మా, లాక్‌డౌన్ కదా, బయటికెళ్ళలేక కష్టంగా ఉందా" అన్నాను. ఆవిడ అన్న మాట ఇదీ: "ఏం నాయనా, అందరూ ఇప్పుడు కూచున్నారా ఇంట్లో? నేను 1988 నించీ కూచున్నా." (నవ్వులు) ముందు నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. పోగొట్టుకోవటానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు కాబట్టి లాక్‌డౌన్ ఆవిడని ఏమీ చెయ్యలేదు. దాన్ని మనోధైర్యం అని కాగితాల్లో రాసుకుంటే మనకి సిగ్గుండాలి.

అప్పట్లో సామాజిక దూరం పాటించండి అని ప్రతి గోడ మీదా రాశారు కదా. డబ్ల్యూహెచ్‌ఓవాళ్ళు మార్చిలోనే ఆ మాట మార్చుకుని భౌతిక దూరం అన్నారు, మనవాళ్ళు మాత్రం చాలాకాలం పాతమాటే వాడారు. మన ఊళ్ళలో సామాజిక దూరం అంటే ఏంటో కొన్ని వాడలవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ వెనక గది ఆవిడకీ అక్కర్లేదు.

ఇక చెదిరిపోయింది ఎవరూ అంటే, చూసుకునేవాళ్ళు. ఈ హాల్లో కూచున్న మీరు. మన ఇళ్ళలో లెక్క ఎలా ఉంటుందో చూడండి: పేషెంటుకి అరవై, చూసుకునే తల్లికి ఎనభై. డెబ్భై ఏళ్ళ భర్త, అరవై అయిదేళ్ళ భార్యకి జడ వేస్తాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే, కరోనా భయం ఇద్దరికీ ఉంది. పనిమనిషి రాదు, కొడుకు డల్లాస్‌లో చిక్కుకున్నాడు, విమానాలు లేవు. వాడు అక్కణ్ణించి రోజూ వీడియో కాల్ చేసి, "నాన్నా, అమ్మని బయటికి పంపకు" అని పాఠం చెబుతాడు. ఆవిడకి మతిమరుపు, గంటకోసారి గేటు తీసుకుని వెళ్ళిపోతుంది, మాస్కు పెడితే లాగేస్తుంది. ఆ పెద్దాయన నాతో అన్నాడు, "బాబూ, గేటుకి తాళం వేశాను, నాకే జైల్లో ఉన్నట్టుంది" అని.

అప్పుడు ఏం పనికొచ్చిందో చెబుతాను. హెల్ప్‌లైన్లు వచ్చాయి. బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌వాళ్ళది మార్చిలోనే మొదలైంది, సెప్టెంబరులో కిరణ్ వచ్చింది, తరవాత పెద్దల కోసం 14567, ఇప్పుడు టెలీమానస్ 14416. చివరి రెండూ మీ ఫోనుల్లో పెట్టుకోండి, అవసరమే. కానీ నిజం చెప్పాలంటే మా పెద్దవాళ్ళలో వాటికి ఫోను చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బటన్ల ఫోను, చెవుడు, తెలుగుకి ఇది నొక్కండి, దానికి అది నొక్కండి. చెవిలో ఎప్పుడూ ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడే మనిషికి, మొహం కనపడని ఇంకో గొంతు వచ్చి "మీ సమస్య చెప్పండి" అంటే? ఒకాయన నన్నే అడిగాడు, "నువ్వు బయటివాడివా, లోపలివాడివా" అని. నేను రెండేళ్ళుగా తెలిసినవాణ్ణే.

పనికొచ్చినవి రెండు. ఒకటి, రోజూ అదే టైముకి అదే మనిషి ఫోను చెయ్యటం. మేం నలుగురం కలిసి ఒక జాబితా రాసుకుని పంచుకున్నాం. పది నిమిషాలు, అంతకన్నా ఎక్కువ కాదు. నిద్ర పడుతోందా, గొంతులు వినపడుతున్నాయా అని అడగటం మానేశాం. "ఇవాళ కూరేంటి?" అని అడిగేవాళ్ళం. ఈ ప్రశ్నని చులకనగా చూడకండి. దొండకాయ అని ఠక్కున చెబితే జ్ఞాపకం బాగుందన్నమాట. ఎవరు వండారంటే ఇంట్లో ఎవరున్నారో తెలుస్తుంది. మూడు రోజులు వరసగా పచ్చడే అంటే డబ్బు అయిపోయిందనో, వండే మనిషి పడకేసిందనో. "ఏమో, తినలేదు" అని రెండుసార్లు వచ్చిందంటే మాలో ఒకరం మాస్కు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. పెద్దవాళ్ళకి కరోనా వస్తే దగ్గూ జ్వరం లేకుండా ఒట్టి మతి తప్పటమే మొదటి గుర్తుగా రావటం కూడా ఉంది. నిన్న కూర చెప్పిన మనిషి ఇవాళ నన్నే గుర్తుపట్టకపోతే, పాత జబ్బు తిరగబెట్టిందని మాత్ర పెంచకుండా, ముందు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టించేవాళ్ళం.

రెండోది పింఛను. ఇక్కడ ఆంధ్రాలో 2020 ఫిబ్రవరి ఒకటి నుంచి వాలంటీరు ఇంటికొచ్చి పింఛను ఇవ్వటం మొదలైంది. దాని మీద రాజకీయంగా ఎవరి మాట వాళ్ళకుంది, నాకు ఆ గొడవొద్దు. మానసిక ఆరోగ్యం కోసం పెట్టిన పథకం కాదది. కానీ ఒకటో తారీఖు పొద్దున్నే ఒక మనిషి గుమ్మం ముందుకొచ్చి పేరు పెట్టి పిలిచేది. తలుపు తియ్యలేదంటే మాకు కబురు చేసేది. మా ఏరియాలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకి మాత్రల డబ్బా ఎలా చూడాలో నేర్పాం, సోమవారం గడిలో మాత్ర ఇంకా ఉంటే ఫోను చెయ్యమని. మానసిక వైకల్యం నలభై శాతం పైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వికలాంగుల పింఛను వస్తుందని మీలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఆ మాట రాయించుకోవటం నామోషీ అని ఊరుకుంటారు. టీ విరామంలో నా దగ్గరికి రండి, ఆ కాగితాల సంగతి చెబుతాను.

రెండో వేవ్ గురించి చెప్పకుండా ముగించలేను. 2021 ఏప్రిల్, మే. మొదటిసారి మాత్ర ఆగింది. రెండోసారి మాత్ర ఇచ్చే మనిషే పోయింది. మా జాబితాలో ఒక తల్లీకొడుకూ ఉండేవాళ్ళు. ఆవిడ ఎనభైకి దగ్గర, అతను యాభై ఎనిమిది. ఆవిణ్ణి అంబులెన్సులో తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. దహనం కూడా వాళ్ళే చేసేశారు. అతనికి చెబితే జబ్బు తిరగబెడుతుందని బంధువులు చెప్పలేదు. ఆసుపత్రిలో ఉంది, వస్తుంది అన్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి రెండు గ్లాసులు కడిగి పొయ్యి పక్కన పెట్టి కూచునేవాడు, వాళ్ళమ్మ వచ్చి టీ పెడుతుందని. పదకొండో రోజున మా డాక్టరుగారూ వాళ్ళ మేనమామా నేనూ వెళ్ళి చెప్పాం. నేను వణికిపోతున్నాను. అతను విని, "నాకు తెలుసు, మీరే చెప్పట్లేదు" అన్నాడు. చాలాసేపు ఏడ్చాడు. తల్లి పోతే ఎవరైనా ఏడుస్తారు, దానికి ఇంజక్షన్ అక్కర్లేదు. ఏడ్చాక గుండు చేయించుకుంటానన్నాడు. మంగలి షాపులు లేవు. మేనమామే మేడ మీద కూచోబెట్టి చేశాడు. జబ్బు తిరగబెట్టలేదు. దాచిన ఆ పది రోజులూ అతను సరిగా నిద్రపోలేదు, చెప్పిన రాత్రి నిద్రపోయాడు.

టీకా సంగతి క్లుప్తంగా. 2021 మార్చి ఒకటిన అరవై దాటినవాళ్ళకి మొదలుపెట్టారు. నలభై అయిదు నుంచి అరవై లోపువాళ్ళకి ఇరవై జబ్బుల జాబితా ఇచ్చారు, అందులో స్కిజోఫ్రీనియా లాంటి మనోవ్యాధులు లేవు. ఆధార్ లేనివాళ్ళ కోసం మే నెలలో విడిగా పద్ధతి చెప్పారు, మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్ళూ వృద్ధాశ్రమాలవాళ్ళూ అందులో ఉన్నారు. అయినా ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సివచ్చింది, వాళ్ళకి టీకాలు వెయ్యండయ్యా అని. నయమైనా తీసుకెళ్ళేవాళ్ళు లేక వార్డుల్లోనే ముసలివాళ్ళయినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఇంట్లోవాళ్ళు రాలేదన్న ఒక్క కారణంతో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పందొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఎక్కడికి పంపాలో మాత్రం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

(సభలో ఒక మహిళ: "మా అన్నయ్యకి అరవై ఆరండీ, నాకు డెబ్భై. మా ఇద్దరికీ ఎవరూ లేరు, ఒక మేనల్లుడున్నాడు ఉయ్యూరులో. నేను పోయాక వీడి గతేంటి అన్నదే నా బెంగ.")

మీరు అక్కయ్య అయ్యుండాలి, అన్నయ్య అంటున్నారు. (నవ్వులు) అలవాటా? సరే.

అమ్మా, ఈ ప్రశ్న వినకుండా నాకు ఒక్క వారం గడవదు. రెండు పనులు చెబుతాను. ఇందాక చెప్పిన 2017 చట్టంలోనే పద్నాలుగో సెక్షన్ ఉంది. తన తరఫున ఎవరు మాట్లాడాలో పేషెంటే తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెట్టొచ్చు. లాయరు అక్కర్లేదు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ పేరు రాస్తారు, బానే ఉంది, కానీ మీకు డెబ్భై. అన్నయ్య మంచిగా ఉన్న రోజు చూసి, మేనల్లుడు సరేనంటే, అతని పేరు రాయమని అన్నయ్యని అడగండి. ఆయన్ని అడగాలి, మీరు రాసేసి వేలిముద్ర వేయించటం కాదు.

ఇక రెండోది. ఆ మేనల్లుణ్ణి నెలకోసారి ఆదివారం భోజనానికి పిలవండి. ఆ రోజు రాత్రి మాత్ర మీరు ఇవ్వొద్దు, అతని చేత ఇప్పించండి. మొదటి రెండుసార్లు అన్నయ్య తీసుకోకపోవచ్చు, గ్లాసు పక్కకి తోసెయ్యొచ్చు. మీరు వంటింట్లోనే ఉండండి, ఇవతలికి రావొద్దు. మాత్రల డబ్బా ఎక్కడుంటుందో, తెల్లది ముందా పసుపుది ముందా, మంచినీళ్ళా మజ్జిగా, అన్నయ్య మాత్ర వేసుకున్నాక ఏమంటాడో, అవన్నీ ఆ అబ్బాయికి తెలియాలి. అన్నయ్యకి ఆ చెయ్యి అలవాటు కావాలి. నాలుగైదు నెలలు పడుతుంది. ఉయ్యూరు ఎంత దూరమమ్మా, ముప్పావు గంట కదా. ఆ అబ్బాయి ఫోను నంబరు మీ దగ్గరుందా ఇప్పుడు? ఉంటే ఇలా ఇవ్వండి, నేనే మాట్లాడతాను.